పీజీ సీటు: ఎంపిక ఎవరిది?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై పనిచేసే కార్యకర్తల కోసం నరసరావుపేటలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్ల పీజీ సీట్ల గురించి మాట్లాడతానన్నప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. ఎంబిబిఎస్ పూర్తి చేసిన అమ్మాయిలు చదువుకున్నవాళ్లు, వాళ్ల దారి వాళ్లు చూసుకోగలరు, మాచర్ల తండాల్లోనూ బొల్లాపల్లి ఊళ్లలోనూ మన అవసరం ఉన్న ఆడవాళ్లు ఎంతమంది లేరు అన్నారు. సబబైన ప్రశ్నే. అయితే ఈ ఇద్దరు స్త్రీలూ మనం అనుకున్నంత దూరంలో లేరు. వెల్దుర్తి నుంచో దుర్గి నుంచో అర్ధరాత్రి కాన్పు నొప్పులతో బయలుదేరిన స్త్రీకి దగ్గరి ఆసుపత్రిలో మత్తు డాక్టరు దొరుకుతుందా, లేక వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గుంటూరు పెద్దాసుపత్రికి పోవలసిందేనా అన్నది, అంతకు కొన్నేళ్ల ముందు ఎవరింట్లోనో ఒక అమ్మాయి ఏ సీటు తీసుకోవాలని జరిగిన చర్చ మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ చర్చలో తండ్రి ఉంటాడు, మేనమామ ఉంటాడు, సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఉంటాడు. స్త్రీల సంఘాలు మాత్రం ఉండవు. ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈరోజు మీ ముందుకు వచ్చాను.

పీజీ అంటే చాలామంది తరగతి గదిలో చదివే చదువనుకుంటారు. నిజానికి అది మూడేళ్లపాటు ఆసుపత్రిలోనే పగలూ రాత్రీ పనిచేస్తూ నేర్చుకునే విద్య. అందుకే ఆ డాక్టర్లను రెసిడెంట్లంటారు. ఐదున్నరేళ్ల ఎంబిబిఎస్, అందులోనే ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ తర్వాత నీట్ పీజీ పరీక్ష. ప్రభుత్వ కళాశాలల సీట్లలో సగం అఖిల భారత కోటా కిందకు పోతాయి. మిగతా సీట్లను మన రాష్ట్రంలో విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం నింపుతుంది. మంగళగిరి ఎయిమ్స్ వంటి జాతీయ సంస్థలకు వేరే పరీక్ష. ఇవిగాక జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డిఎన్‌బి సీట్లు, రెండేళ్ల డిప్లొమా సీట్లు ఉన్నాయి. ర్యాంకు వచ్చాక ఏ కళాశాల, ఏ విభాగం అని వరుసక్రమంలో ఆప్షన్లు పెట్టుకోవడానికి ఒక్కో విడతలో దొరికేది కొద్ది రోజులే. ఒకసారి చేరి మధ్యలో వదిలేస్తే బాండు ప్రకారం లక్షల్లో కట్టవలసి వస్తుంది. ఆ కొద్ది రోజుల నిర్ణయం ఒక స్త్రీ జీవితాన్ని ముప్ఫై, నలభై ఏళ్లపాటు నడిపిస్తుంది.

ఇంట్లో జరిగే ఎంపిక

ఇప్పుడు ఎంబిబిఎస్ తరగతిలో దాదాపు సగం, కొన్నిచోట్ల సగానికి పైగా అమ్మాయిలే. కానీ పీజీకి వచ్చేసరికి దారులు చీలిపోతాయి. అమ్మాయిలు ఎక్కువగా గైనకాలజీ, పిల్లల వైద్యం, చర్మవ్యాధులు, పాథాలజీ వంటి విభాగాలకు వెళ్తారు. సర్జరీ, ఎముకలు, యూరాలజీ మగవాళ్ల విభాగాలుగా మిగిలిపోతున్నాయి. దీన్ని అమ్మాయిల ఇష్టం అని సరిపెట్టుకుంటే సామాజిక శాస్త్రానికి పనే లేదు. ఆ ఇష్టం ఎక్కడ తయారవుతుందో చూడాలి.

ఇళ్లలో వినిపించే మాటలు మీకు తెలిసినవే. చర్మం డాక్టరైతే రాత్రి డ్యూటీలుండవు, సంసారం చేసుకోవచ్చు. ఎముకల పనికి బలం కావాలి, ఆడపిల్ల వల్ల కాదు. సర్జరీ చేస్తే సంబంధాలు రావు. ముందు పెళ్లి కానివ్వండి, అల్లుడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో చూద్దాం. ఈ మాటల్లో ఒక వైరుధ్యం ఉంది. రాత్రిపూట పని ఉంటుందని సర్జరీ వద్దంటారు, గైనకాలజీకి మాత్రం సంతోషంగా ఒప్పుకుంటారు. కాన్పులు పగలు చూసుకుని వస్తాయా? రాత్రి డ్యూటీలు ఎక్కువగా ఉండే విభాగాల్లో కాన్పుల విభాగం ఒకటని ఏ లేబర్ రూము నర్సునడిగినా చెబుతుంది. కనుక అసలు అభ్యంతరం రాత్రి గురించి కాదన్నమాట. ఎవరి శరీరం మీద ఎవరికి అధికారం, మగ రోగిని కోసి కుట్టే చేయి ఎవరిది, ఆపరేషన్ థియేటర్లో ఆజ్ఞ ఎవరిది అన్నదాని గురించి. పల్నాటివాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గురజాల రాజ్యంలో మంత్రిత్వం నెరపిన నాయకురాలు నాగమ్మను యుద్ధానికి కారకురాలిగా ఎనిమిది వందల ఏళ్లు దాటినా తిడుతూనే ఉన్నాం. అదే యుద్ధం చేసిన మగవాళ్లకు వీరులని పేరు పెట్టి ఉత్సవాలు చేస్తున్నాం.

ఇంకొక కారణం ఆర్థికమైనది. మన పట్టణాల్లో భార్యాభర్తల నర్సింగ్ హోము ఒక వ్యవస్థగా స్థిరపడింది. బోర్డు మీద రెండు పేర్లుంటాయి. ఆయన సర్జనో ఫిజీషియనో, ఆమె గైనకాలజిస్టు. అంటే అమ్మాయి విభాగాన్ని ఇంకా చూడని భర్త విభాగానికి జతగా ఎంచుతున్నారు. పెట్టుబడి, స్థలం, మంచాల లెక్క ముందే సిద్ధంగా ఉంటుంది. పెళ్లిలో కట్నం ఎంత ముఖ్యమో ఈ జత కుదరడం అంత ముఖ్యమవుతుంది. ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కొనవలసి వస్తే కొడుక్కు అప్పు చేస్తారు, కూతురికైతే ఆ డబ్బు పెళ్లికని పక్కన పెడతారు.

తలుపే గోడ అయిన చరిత్ర

స్త్రీలు వైద్యంలోకి ఏ తలుపు గుండా వచ్చారో గుర్తు చేసుకోవాలి. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలను చేర్చుకుంది. 1883లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడి స్త్రీలకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి కూడా స్త్రీలకు స్త్రీల చేత వైద్యం అందించాలన్న లక్ష్యంతోనే వచ్చింది. మగ డాక్టరుకు నాడి చూపించని కాలంలో, ఆడవాళ్ల కోసం ఆడ డాక్టర్లు కావాలన్న వాదనతోనే స్త్రీలకు వైద్య విద్య దొరికింది. ఆ వాదన లేకపోతే ఆ తలుపు ఇంకా ఎన్నాళ్లు మూసి ఉండేదో. కానీ ఆ తలుపే తర్వాత గోడగా మారింది. ఆడ డాక్టరంటే కాన్పుల డాక్టరే అన్న భావన స్థిరపడిపోయింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చి తరాలు గడిచినా, సర్జన్ అనగానే పల్నాటి జనం మనసులో మెదిలేది మగ రూపమే. నరసరావుపేటలో సర్జన్‌గా పేరు తెచ్చుకుని ఆ పేరుతోనే రాజకీయాల్లోకి వెళ్లిన డాక్టర్ కోడెల శివప్రసాదరావు వంటి మగ సర్జన్లు అందరికీ గుర్తుంటారు. అలా పేరు పొందిన ఒక స్త్రీ సర్జన్‌ను చెప్పమంటే మనం తడుముకుంటాం.

ఎవరైనా గైనకాలజీ ఎంచుకుంటే తప్పని నేననడం లేదు. ఇష్టపడి తీసుకున్నవారికి అది గొప్ప విద్య. అది ఒక్కటే తన వాటా అని ఒక అమ్మాయికి నేర్పడాన్ని ప్రశ్నిస్తున్నాను. పురుగుమందు తాగినవాళ్లు, పాము కరిచినవాళ్లు, హైదరాబాదు దారిలో ప్రమాదానికి గురైనవాళ్లు, ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగినవాళ్లు పల్నాడులో ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జనరల్ మెడిసిన్, ఎమర్జెన్సీ, మత్తు, ఎముకల విభాగాల్లో కూడా స్త్రీ డాక్టర్లు కావాలి.

ఆసుపత్రిని అడగవలసిన ప్రశ్న

ఇంతవరకు అమ్మాయి ఏమి ఎంచుకోవాలన్నదే చూశాం. ఆ అమ్మాయికి ఆసుపత్రి ఏమి ఇవ్వాలన్నది ఎవరూ అడగరు.

1992లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన రెసిడెన్సీ పథకం ప్రకారం రెసిడెంటు పని రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదు. వారానికి ఒక రోజు సెలవు. 2023 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లో ఆ అంకెలు లేవు, సముచితమైన పనిగంటలు అన్న మాట ఉంది. సముచితం ఎంతో శాఖాధిపతి చెప్పాలి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై ఆ కమిషన్ వేసిన కార్యదళం 2024లో వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. 48 నుంచి 74కు వచ్చామంటేనే వాస్తవం ఎక్కడుందో అర్థమవుతుంది. 36 గంటల డ్యూటీలు మామూలైపోయిన ఆసుపత్రులు దేశమంతటా ఉన్నాయి.

2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో ఊపిరితిత్తుల విభాగం పీజీ డాక్టరు సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో సెమినారు హాలులో నడుం వాల్చింది. అక్కడే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ నేరానికి ఒక వ్యక్తికి 2025 జనవరిలో జీవితఖైదు పడింది. ఆమె అక్కడ ఎందుకు పడుకోవలసి వచ్చిందన్న ప్రశ్నకు శిక్షతో జవాబు దొరకదు. తలుపుకు గడియ ఉన్న విశ్రాంతి గది ఉండాలన్న సంగతి ఒక ప్రాణం పోతే గానీ చర్చకు రాలేదు.

ఆ ఘటన తర్వాత రెండు రకాల స్పందనలు వచ్చాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వీలైనంతవరకు స్త్రీలకు రాత్రి డ్యూటీలు తప్పించాలంది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. స్త్రీలు రాత్రి పనిచేయకూడదని చెప్పే అధికారం ప్రభుత్వానికి లేదు, భద్రత కల్పించడం దాని బాధ్యత అని చెప్పింది. మన ఇళ్లలో జరిగింది మాత్రం మొదటి రకమే. దూరం పంపవద్దు, క్లినికల్ సీటు వద్దు, రాత్రి పనిలేని విభాగం చూడండి అన్నారు. తల్లిదండ్రుల భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ భయానికి మూల్యం కూతురి చేత కట్టిస్తే ఆసుపత్రి బాధ్యత ఎవరికీ గుర్తురాకుండా పోతుంది.

భయం బయటివాళ్ల నుంచే అనుకోవడం కూడా పొరపాటే. 2019 మేలో ముంబైలో గైనకాలజీ పీజీ చేస్తున్న ఆదివాసీ స్త్రీ డాక్టర్ పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకుంది. కులం పేరుతో వేధించారని సీనియర్ల మీద కేసు నడిచింది. వాళ్లూ స్త్రీలే. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో మత్తు విభాగం మొదటి సంవత్సరం చదువుతున్న లంబాడీ అమ్మాయి డాక్టర్ ప్రీతి మరణించింది. సీనియర్ వేధించాడన్న ఆరోపణపై కేసు నమోదైంది. ఇంకా దగ్గరకు వస్తే, 2016 అక్టోబరులో గుంటూరు వైద్య కళాశాలలో గైనకాలజీ పీజీ విద్యార్థిని ఆత్మహత్య వార్త మీలో చాలామంది చదివే ఉంటారు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మాచర్ల గడ్డ గర్వంగా చెప్పుకుంటుంది. మన తండాల నుంచి, మాలపల్లెల నుంచి మొదటి తరం డాక్టర్లుగా వెళ్తున్న అమ్మాయిలకు హాస్టల్లో, డ్యూటీ రూములో, థియేటర్లో ఆ సమానత్వం దొరుకుతోందా అని అడిగే బాధ్యత కూడా మనదే.

పనికి డాక్టరు, హక్కుకు విద్యార్థిని

ఇంకొక ముఖ్యమైన విషయం రెసిడెంటు హోదా. వార్డులో పని పడ్డప్పుడు ఆమె డాక్టరు. సెలవు అడిగితే, జీతం అడిగితే ఆమె విద్యార్థిని. 2023లో జాతీయ వైద్య కమిషన్ చేసిన సర్వేలో ప్రైవేటు కళాశాలల్లోని దాదాపు 7,900 మంది పీజీల జవాబులు పరిశీలిస్తే 2,110 మంది తమకు స్టైపెండు అసలు రావడం లేదన్నారు. అంటే నాలుగో వంతుకు పైగా. బ్యాంకులో వేసి తిరిగి తీసుకుంటున్నారన్నవాళ్లు కూడా ఉన్నారు.

ప్రసూతి సెలవు సంగతి చూడండి. పీజీ చేసే వయసు 25 నుంచి 30. పిల్లలు పుట్టే వయసు కూడా అదే. 2017లో చట్టాన్ని సవరించి ఉద్యోగినులకు 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. పీజీ నిబంధనలు కూడా ప్రసూతి సెలవును ఒప్పుకుంటాయి. అయితే అనుమతించిన సెలవులు దాటిన కాలాన్ని తర్వాత పూర్తి చేయాలి. దాంతో ఆమె తోటివాళ్లతో కలిసి పరీక్ష రాయలేదు, ఆరు నెలలో ఏడాదో వెనకపడుతుంది. ఇక విభాగంలో వినపడే మాటలు సరేసరి. ఇతరుల కాన్పులు చేసే చోట తన గర్భాన్ని దాచుకుంటూ డ్యూటీ చేసే డాక్టర్లున్నారంటే ఆ వృత్తి స్త్రీలకు ఎంత చోటిచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

శిక్షణ బాగోకపోతే నష్టం ఎవరికి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. గర్భసంచి తీసివేతలు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, లాభాపేక్ష వాటిలో పెద్దది. కానీ శిక్షణ కూడా ఒక కారణం. రాత్రంతా నొప్పులు పడే స్త్రీ పక్కన ఓపికగా ఉండి సహజ కాన్పు చేయించడం నేర్చుకోవాలంటే నేర్పేవాళ్లు ఉండాలి, నేర్చుకునే మనిషికి నిద్ర ఉండాలి. రెండు రాత్రులు నిద్రలేని డాక్టరు దగ్గర ఓపికను ఆశించలేం. లేబర్ రూముల్లో పేద స్త్రీలు తినే తిట్లకు, డాక్టర్ల అలసటకు సంబంధం ఉంది. తిట్లను నేను సమర్థించడం లేదు, రెండింటి మీదా కలిపి పోరాడాలంటున్నాను.

2021లో చేరినవారి నుంచి ప్రతి పీజీ డాక్టరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రి స్థాయిలో పనిచేయాలన్న నియమం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడింది. పిడుగురాళ్లకు ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరయింది. ఇవి మనకు అవకాశాలు. ఒక అమ్మాయి మూడు నెలలు ఇక్కడ మర్యాదగా, భద్రంగా పనిచేసి వెళ్తే తిరిగి వచ్చే ఆలోచన చేస్తుంది. నీళ్లు రాని క్వార్టర్సు, వెలుగులేని దారి చూసి వెళ్తే జన్మలో తిరిగి రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు పీజీ ఇన్-సర్వీస్ కోటా కోసం 2024లోనూ 2025లోనూ సమ్మెకు దిగారు. పల్లెలో పనిచేసిన స్త్రీకి పై చదువు తలుపు తెరిచేది ఆ కోటాయే కనుక అది స్త్రీల సమస్య కూడా. మనం మాత్రం దాన్ని డాక్టర్ల జీతాల గొడవగా చూసి ఊరుకున్నాం.

ఏమి అడగాలి, ఏమి చేయాలి

సీటు ఎంచుకునే అమ్మాయి ఆప్షన్లు పెట్టేముందు ఆ కళాశాలలోనే చదువుతున్న రెండో, మూడో సంవత్సరం పీజీలను, వీలైతే ఆడవాళ్లను, ఈ ప్రశ్నలు అడగాలి.

ఒకటి, డ్యూటీ ఎన్ని గంటలు, వారంలో సెలవు నిజంగా దొరుకుతుందా?
రెండు, ఆడ డాక్టర్లకు వేరే విశ్రాంతి గది, మరుగుదొడ్డి, లోపలి గడియ ఉన్నాయా? వార్డు నుంచి హాస్టలుకు దారి ఎలాంటిది?
మూడు, స్టైపెండు నెలనెలా చేతికి వస్తుందా?
నాలుగు, కేసులు ఎన్ని వస్తాయి? మూడో సంవత్సరం వచ్చేసరికి ఆడపిల్లల చేతికి కత్తి ఇస్తారా, ఫైళ్లు రాయిస్తారా?
ఐదు, ఇంతకుముందు ప్రసూతి సెలవు తీసుకున్నవారికి ఏం జరిగింది?
ఆరు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందా? దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? కుల వేధింపుపై, ర్యాగింగుపై ఎవరికి చెప్పుకోవాలి?

ఒక్కో అమ్మాయి ఒంటరిగా అడిగితే ఇవి అనుమానాలుగా కనిపిస్తాయి. ఒక సంఘం అడిగితే డిమాండ్లవుతాయి. అందుకే మన పనిగా మూడు విషయాలు ప్రతిపాదిస్తున్నాను.

నీట్ పీజీ ఫలితాలకూ ఆప్షన్లకూ మధ్య నరసరావుపేట, మాచర్ల, గురజాలల్లో ఒక్కో రోజు సమావేశం పెడదాం. సర్జరీ, ఎముకలు, మత్తు విభాగాల్లో పనిచేస్తున్న స్త్రీ డాక్టర్లను పిలుద్దాం. తల్లులను తప్పకుండా రమ్మందాం. కూతురి పక్షాన మాట్లాడాలని ఉన్నా మాటలు దొరకక ఊరుకునేది వాళ్లే.

రెండోది, ప్రభుత్వ వైద్య కళాశాలలకు, మన జిల్లా ఆసుపత్రులకు సమాచార హక్కు చట్టం కింద పై ప్రశ్నలు రాసి పంపుదాం. వచ్చిన జవాబులను, రాని జవాబులను ఈ పత్రికలోనే అచ్చువేద్దాం. తరువాతి ఏడు సీటు వెతుక్కునే అమ్మాయికి అది ఉపయోగపడుతుంది.

మూడోది, 2013 చట్టం ప్రకారం ప్రతి సంస్థలోని ఫిర్యాదుల కమిటీలోనూ స్త్రీల కోసం పనిచేసే సంఘం నుంచి ఒక బయటి సభ్యురాలుండాలి. మన జిల్లా ఆసుపత్రుల్లో ఆ స్థానంలో ఎవరున్నారో కనుక్కుందాం. ఖాళీగా ఉంటే మన పేర్లు ఇద్దాం. ఉత్తుత్తి పేరుంటే మార్చమందాం.

ఈ సమావేశం ముగిసేలోగా ఈ మూడు పనులకూ బాధ్యులను ఎన్నుకోవాలని కోరుతున్నాను. సమాచార హక్కు దరఖాస్తుల నమూనా నేను రాసి తెచ్చాను. భోజనాల తర్వాత కూర్చుని సరిచూసుకుందాం.